మేడం గారి కొలత టేపు

కుక్కర్ మూత తీయగానే ఉడికిన ఉలవల వాసన ఇల్లంతా కమ్ముకుంటుంది. మా ఇంట్లో ఎవరికీ గిట్టదు. నాకు మాత్రం నోరూరుతుంది, వెంటనే రాజ్యలక్ష్మి మేడం గుర్తొస్తారు. గుంటూరు మహిళా కళాశాలలో ఆవిడ మాకు హోంసైన్సు చెప్పేవారు. జన్మలో ఒక్క ఇనుప కడ్డీ ఎత్తి ఎరగరు. అయినా నన్ను వెయిట్‌లిఫ్టర్‌ని చేసింది ఆవిడేనని ఎవరితోనైనా పోట్లాడతాను.

ఎనభైల చివరి మాట. రాష్ట్ర పోటీల్లో యాభై రెండు కిలోల విభాగంలో దిగాలి. నేను యాభై ఆరున్నాను. ఈసారి పతకం రాకపోతే బరువులు మానేస్తానని నాన్నకి మాటిచ్చాను. గడువు నెలన్నర. మిరప రైతు కూతుర్ని కదా, కల్లంలో కాయ ఎండేకొద్దీ తేలికవడం చూస్తూ పెరిగాను. ఆ తెలివే నా మీద ప్రయోగించాను. పూటకో గ్లాసు గంజి, ఎర్రటి ఎండలో కల్లం చుట్టూ పరుగు, ఆ తర్వాత మిరప బస్తాలు తూచే కాటా ఎక్కి చూసుకోవడం. రెండు వారాల్లో మూడు కిలోలు తగ్గి, ఎగురుకుంటూ వెళ్లి మేడంకి చెప్పాను.

ఆవిడ మెచ్చుకోలేదు. కుట్టు క్లాసు టేపు తీసి నా తొడ కొలిచారు. పోటీకి పేరిచ్చిన రోజు కొలిచి రాసుకున్న అంకెతో పోల్చి చూసి ముఖం చిట్లించారు.

"కిందటి నెల ఎంత ఎత్తావే?"

"అరవై అయిదండీ."

"ఇప్పుడు?"

యాభై అయిదు కూడా లేవడం లేదని చెప్పేసరికి నాకు ఏడుపొచ్చింది.

"కాయ ఎండితే నీళ్లు పోతాయి, ఘాటుంటుంది. నువ్వెండితే కండ పోతుంది! తిండి తగ్గించు, వద్దనను. మాంసకృత్తుల్లో ఉండే అమైనో ఆమ్లాలు మాత్రం తగ్గనీకు. అవి అందకపోతే ఒళ్లు తన కండనే కరిగించుకుంటుంది."

ఆ రోజునుంచి గంజి బంద్. పిడికెడు అన్నం, ఉడికిన ఉలవలు, గుడ్డు తెల్లసొన. పైగా మందుల షాపులో ప్రొటీన్ పొడి డబ్బా కొనితెచ్చి, వెన్న తీసిన పాలలో కలిపి, ఎదురుగా నిలబడి తాగించేవారు. సున్నం కలిపినట్టుండేది.

"వాంతొస్తోంది మేడం."

"రానీ. మళ్లీ కలుపుతా."

బరువు ఈసారి నెమ్మదిగా దిగింది. తొడ కొలత మాత్రం తగ్గలేదు. పోటీనాడు కాటా మీద యాభై రెండుకి కాస్త తక్కువే తూగాను. ఆఖరి ప్రయత్నంలో డెబ్బై కిలోలు తలపైకి లేపి నిలబడ్డాను. బంగారు పతకం! మేడం పరుగున వచ్చి, దండలా ఆ టేపు నా మెడలో వేశారు. ఇంటికెళ్లాక నాన్న పతకాన్ని మిరపకాయల కాటా మీద పెట్టారు. ముల్లు కదల్లేదు.

"ఏం బరువులేదే!" అని పెద్దగా నవ్వి, "మానకులేమ్మా," అన్నారు.

ఇప్పుడు నా దగ్గర పద్నాలుగు మంది అమ్మాయిలు నేర్చుకుంటున్నారు. మూడు కిలోలు తగ్గానని ఎవరైనా మురిసిపోతూ వస్తే, అంకెలు సగం చెరిగిపోయిన ఆ టేపే తీస్తాను.

"బరువు సరేనే, ముందు తొడ చూపించు."