జెడ్ డ్రైవ్ లొల్లి

కంప్యూటర్‌ది తప్పు అంటే ఎవరూ నమ్మని రోజులవి. ఏదైనా పొరపాటు జరిగిందంటే దాని ముందు కూర్చున్న మనిషే చేసి ఉండాలి. ఆ మనిషి పందొమ్మిదేళ్ల ఆడపిల్ల అయితే ఇక విచారణ కూడా అక్కర్లేదు. నేను జహనుమా నుంచి రెండు బస్సులు మారి, సంతోష్‌నగర్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీకి ఆపరేటర్‌గా వెళ్లడం మొదలుపెట్టి అప్పటికి మూడు వారాలు. ఆఫీసులో నాలుగు కంప్యూటర్లు, లోపలి గదిలో ఒక సర్వర్. సర్వర్‌లోని ఒక ఫోల్డరు మా అందరి కంప్యూటర్లలో జెడ్ డ్రైవ్ పేరుతో కనిపించేది. కాలేజీ ఫైళ్లన్నీ అందులోనే. ఏ ఫైలు ఎవరు చూడాలో, ఎవరు దిద్దాలో నిర్ణయించేది పాస్‌వర్డ్ సార్. (అసలు పేరు వేరే ఉంది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు కీబోర్డు మీద చేతిరుమాలు కప్పి, దాని కింద వేళ్లు ఆడించేవారు కాబట్టి మేం పెట్టుకున్న పేరిది.)

ఒకరోజు పొద్దున్నే ఒక విద్యార్థిని వాళ్ల నాన్నను వెంటబెట్టుకొని వచ్చింది. ఆయనకు సైదాబాద్‌లో గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపు. పరీక్ష రాసేవాళ్ల జాబితాలో విద్యార్థి గడిలో ఆయన పేరు, తండ్రి గడిలో కూతురి పేరు పడ్డాయి. (ఎక్కించింది నేనే, ఒప్పుకుంటాను.) "మేడమ్, నేను ఏడో క్లాసులనే బంద్ చేసిన. ఇప్పుడు ఇంటర్ ఫిజిక్స్ రాయమంటే నాతోని కాదు" అన్నాడాయన చాలా శాంతంగా. నాకు నవ్వొచ్చింది గానీ ఆ పిల్ల కళ్లు చూశాక ఆగిపోయింది. సాయంత్రం నాలుగింటికి ఆ జాబితా ఫ్లాపీలో పరీక్షల ఆఫీసుకు వెళ్లిపోతుంది. తరువాత దిద్దడానికి వీల్లేదు. ఏడాది పోయినట్టే.

ఫైలు తెరిచాను, పేర్లు మార్చాను, సేవ్ కొట్టాను. 'యాక్సెస్ డినైడ్' అంది. అంటే చూడొచ్చు, ముట్టుకోకూడదు. అంతకుముందు రోజే సార్ ఫైళ్లన్నీ కొత్త డిస్కులోకి మార్చారు. లోపలి గదిలో సర్వర్ ముందు కూర్చున్న ఆయన దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన రుమాలు కప్పారు, ఏవేవో నొక్కారు. "చూడమ్మా, నీ పేరుకి పూర్తి హక్కులిచ్చేశాను. ఇదిగో, ఇక్కడ సేవ్ అవుతోంది. లోపం నీ చేతుల్లో ఉంది" అన్నారు. తిరిగొచ్చి కొడితే మళ్లీ అదే మాట. అలా మధ్యాహ్నం దాకా మూడుసార్లు తిరిగాను. (ఫైలును నా కంప్యూటర్లోకి కాపీ చేసుకొని దిద్ది, ఫ్లాపీలో వేస్తే ఐదు నిమిషాల పని. అది నాకు తట్టింది మరుసటి ఏడాది.) మూడోసారికి సార్ ప్రిన్సిపల్ మేడమ్ దగ్గరికి వెళ్లి, "ఈ పిల్లకి పని రాదండీ, ఇంకొకర్ని చూసుకుందాం" అన్నారు, నాకు వినపడేంత గట్టిగా.

మేడమ్ బయటికొచ్చి "ఏందమ్మా ఇది?" అని అడిగింది. ఉద్యోగంలో నోరు మెదపొద్దని మా అమ్మ రోజూ చెప్పి పంపేది. ఆ రోజు మెదిపాను.

"మేడమ్, పేర్లు ఉల్టా ఎక్కించింది నేనే. గా తప్పు నాది. గిది మాత్రం నాది కాదు. సార్‌ను ఈ కుర్చీల కూసోని, సార్ పేరుతోనే లాగిన్ అయి సేవ్ చెయ్యమనండి. సేవ్ అయితే నేను ఇప్పుడే ఇంటికి పోత."

"నీ కుర్చీలో నేను కూర్చోవాలా?" అన్నారు సార్.

"కుర్చీకి ఏం గాదు సార్."

మేడమ్ చూస్తోంది కాబట్టి కూర్చున్నారు. రుమాలు కప్పారు. సేవ్ కొట్టారు. జెడ్ డ్రైవ్ ఆయన్ని కూడా పొమ్మంది. ఇంకోసారి కొట్టారు, ఈసారి మీటను గట్టిగా నొక్కితే వింటుందేమో అన్నట్టు. వినలేదు.

అంతసేపూ గోడకు ఆనుకొని నిలబడ్డ ఆ తండ్రి మెల్లగా అన్నాడు: "సార్, లోపల మీ గదిల అయితుంది, ఈడికెళ్లి అయితలేదు, గంతే గదా? లోపటి దర్వాజా తీసిన్రు, బయటి గేటుకు తాళం గట్లనే ఉన్నట్టుంది."

సార్ లోపలికి నడిచారు. పిలవకపోయినా నేనూ వెంట వెళ్లాను. ఫోల్డరు హక్కుల పేజీలో అన్నీ సరిగానే ఉన్నాయి. దాని పక్కనే, నెట్‌వర్క్ మీదుగా వచ్చేవాళ్ల కోసం ఇంకో పేజీ ఉంది. అందులో 'అందరికీ చదవడం మాత్రమే' అని ఉంది. రెండింట్లో ఏది ఎక్కువ కట్టడి చేస్తే అదే చెల్లుతుంది. సర్వర్ దగ్గరే కూర్చున్న మనిషికి ఆ రెండోది అడ్డే రాదు. "గిదే సార్ గేటు" అన్నాను. సార్ దాన్ని మార్చారు, రుమాలు సంగతి మరిచిపోయి. మూడున్నరకు ఫైలు సేవ్ అయింది. ఆ అమ్మాయి తన పేరు అక్షరం అక్షరం వేలు పెట్టి చూసుకొని గానీ లేవలేదు.

ఇక నాకు పట్టపగ్గాల్లేవు. అన్ని ఫోల్డర్లలో అందరికీ అన్ని హక్కులూ ఇవ్వాల్సిందేనని పట్టుబట్టి సాధించాను. వారం తిరక్కుండా కాలేజీ టైమ్‌టేబుల్ మాయమైంది. చెరిపింది నేనే. సార్ పాత కాపీ తెచ్చి పెట్టి, "నీ పోరాటం నెగ్గింది కదమ్మా, ఇక నీ నుంచి ఫైళ్లను ఎవరు కాపాడతారు?" అని నవ్వారు. ఆయన నవ్వడం చూడటం అదే మొదలు.

ఇప్పుడు అలాంటి డ్రైవులు ఎన్నో నా చేతి కింద ఉన్నాయి. ఎవరికైనా హక్కులు కావాలంటే కాగితం పెట్టమంటాను, పద్ధతి పాటించమంటాను. ఆ పందొమ్మిదేళ్ల పిల్ల వచ్చి నన్ను లేచి తన కుర్చీలో కూర్చోమంటే ముందు గట్టిగా మందలిస్తాను. తరువాత లేచి వెళ్లి కూర్చుంటాను.