వేలి మీద అరచెయ్యి

వాన వెలిసింది. ఎదురుగా కడుతున్న మేడ నుంచి తడిసిన ఇనుము వాసన కిటికీలోంచి వచ్చి నా పక్కన కూర్చుంది. అది మా నాన్న వాసన. గ్రీజూ, చెమటా, కాలిన ఇనుమూ కలిసిన ఆ వాసన, అమ్మ ఎన్ని నీళ్ళలో జాడించినా ఆయన ఖాకీ చొక్కాను వదిలేది కాదు. పక్క గదిలో మా అబ్బాయి ఉద్యోగం మానేసి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఫోన్ తీస్తే చాలు, బంధువుల సలహాలు. నా కళ్ళు మూతలు పడుతున్నాయి. జంషెడ్‌పూర్‌లో, భాలుబాసాలోని మా రెండు గదుల ఇంట్లోకి మెల్లగా వెళ్ళిపోతున్నాను.

నాన్న ఉక్కు కర్మాగారంలో క్రేన్ నడిపేవాడు. పైన గూటిలాంటి కేబిన్‌లో కూర్చుంటే కింది మాటేదీ వినిపించదట, అన్నీ చేతి సైగలే. ఇంట్లోనూ అంతే. చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే ‘ఎత్తు’. మాకు మాత్రం ‘లేవండి, బడికి టైమైంది’ అని. ఆ తిరిగే వేలి మీద రెండో అరచెయ్యి గొడుగులా కదలకుండా పెడితే ‘నెమ్మదిగా’. పొయ్యి మీంచి పాలగిన్నె దించుతున్న అమ్మకి కూడా అదే సైగ చేసి తిట్లు తినేవాడు.

డెబ్బైల చివర్లో నేను నర్సు ట్రైనింగులో చేరాను. చేరిన కొత్తలోనే, వార్డులో అమ్మ వయసున్న ఒకావిడ నా చెయ్యి పట్టుకునే కన్నుమూసింది. ఆ వేళ్ళు విడిపించుకుని ఇంటికొచ్చేశాను. తెల్లబట్టలు పెట్టె అడుక్కి తోసేశాను.

"ఏటైనాదే అమ్మలూ?" అన్నాడు నాన్న.

"కుఛ్ నహీ," ఏం లేదని హిందీలో అన్నాను. తెలుగులో చెబితే ఏడుపొచ్చేస్తుందని భయం.

సోమవారానికి రాకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామని కబురొచ్చింది. ఆదివారం పొద్దున్నే ఆదిత్యపూర్ నుంచి పెద్దనాన్న దిగాడు. అబ్బో, ఆయన నోటికి బ్రేకులుండేవి కావు. "ఆడపిల్లకి శవాల కాడ పనేటిరా? మానిపించీ. నాను సంబంధం సూత్తాను," అన్నాడు. పక్కింటి పిన్నేమో, "పంపీండి బావా, రెండ్రోజులు ఏడిస్తే అదే అలవాటైపోద్ది," అంది. అమ్మ ఇద్దరికీ తలూపింది.

నాన్న చెయ్యి చాచి అరచెయ్యి కిందికి పెట్టాడు. ‘ఆగు’ అని.

"అన్నయ్యా, మా కార్ఖానాలో ఆగమని ఎవులు సెప్పినా ఆగిపోతాం. ఎత్తమని మాత్తరం ఒక్కడే సెప్పాల. పదిమంది సేతులూపితే బరువు ఎవులి నెత్తినో పడతాది."

"అయితే ఆ ఒక్కడివీ నువ్వేనేటి?" పెద్దనాన్న గయ్యిమన్నాడు.

"నాను కాదు. అది," అని నావైపు చూపించాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏదో ఒకటి ఆయనే తేల్చేస్తే హాయిగా ఆయన్నే తిట్టుకుంటూ బతికేదాన్ని కదా!

ఆ సాయంత్రం సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని ఖర్కాయి నది ఒడ్డుకు తీసుకెళ్ళాడు. కర్మాగారంలో ఇనుము తీశాక మిగిలే నిప్పులాంటి చిట్టెం పారబోసినట్టున్నారు, ఆకాశం మెల్లగా ఎర్రబడింది. నీళ్ళూ ఎర్రబడ్డాయి, నాన్న నెరిసిన జుట్టూ ఎర్రబడింది. ఎంతసేపు కూర్చున్నామో తెలీదు. లోకమంతా నిద్రలో ఉన్నట్టూ, మేమిద్దరం ఆ కలలో ఉన్నట్టూ అనిపించింది.

"నాను ఎల్లకపోతే నీకు కోపమా నాన్నా?"

"కిందున్నోడు సెయ్యెత్తేదాకా నాను లీవరు ముట్టుకోనమ్మా. సూసినోళ్ళకి కాళీగా కూకున్నట్టే ఉంటాది. సూపు మాత్తరం ఆడి సేతి మీదే."

అప్పుడు ఏడ్చాను. ఆ పోయినావిడ గురించీ, ఆవిడ వేళ్ళ గురించీ అంతా తెలుగులోనే చెప్పాను. నాన్న విన్నాడు. ధైర్యం చెప్పలేదు. చీకటి పడ్డాక సైకిల్ తీశాడు.

మర్నాడు సైరన్ కూసే వేళకి తెల్లబట్టలు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పాను. నాన్న టీ గ్లాసు కింద పెట్టి లేచొచ్చాడు. కాయలు కాసిన తన అరచెయ్యి నా వేలి మీద కదలకుండా పట్టాడు.

తర్వాత ఎన్ని చేతులు పట్టుకున్నానో, ఎన్నిటిని విడిపించుకున్నానో. నాన్న చెయ్యి కూడా అందులో ఒకటి.

పక్క గదిలో మంచం కిర్రుమంది. ఫోన్ మళ్ళీ మోగుతోంది, తియ్యను. నా నోట్లోనూ సలహాలు బోలెడున్నాయి, మింగేస్తున్నాను. చూసేవాళ్ళకి ఖాళీగా కూర్చున్నట్టే ఉంటాను. చూపు మాత్రం ఆ తలుపు మీదే. అరచెయ్యి ఒళ్ళో సిద్ధంగా పెట్టుకున్నాను.