బావ కారులో రాడార్ డిటెక్టర్

నేను హెర్న్‌డన్ నుంచి బయలుదేరే ముందే బావ మెసేజ్ పెట్టాడు, టూల్స్ తెచ్చుకోమని. లాంగ్ వీకెండ్‌కి జార్జియాలోని అల్ఫారెట్టాలో అక్క వాళ్ల ఇంటికి వెళ్తున్నాను. కారుకి రాడార్ డిటెక్టర్ బిగించి పెట్టాలట. ముందెక్కడైనా పోలీసులు స్పీడ్ కొలుస్తుంటే ఆ చిన్న పెట్టె కనిపెట్టి బీప్ కొడుతుంది. మా వర్జీనియాలో దాన్ని వాడటం చట్టవిరుద్ధం. జార్జియాలో పర్వాలేదు. చదివింది ఎలక్ట్రానిక్సే అయినా అంతవరకు నేను దాన్ని చేత్తో పట్టుకోలేదు.

బావకి దాని అవసరం ఎందుకొచ్చిందో నాకు తెలుసు. ఆ వేసవి మొదట్లో హైవే మీద స్పీడుగా వెళ్తున్నాడని ఒక పోలీసు వెంటపడ్డాడు. లైట్లు వేసి, సైరన్ మోగించినా బావ చాలా దూరం ఆపలేదట. తీరా ఆపాక ఆ పోలీసు తుపాకీ మీద చెయ్యి వేసుకుని కారు దగ్గరికొచ్చాడు. పాటలు పెట్టుకున్నాను, వినపడలేదు అని బావ సర్దిచెప్పాడు. గ్రీన్‌కార్డ్ లైన్‌లో ఉన్న మనిషికి కోర్టు, లాయరు అంటే నిద్ర పట్టదు. ఇంకోసారి అలా జరగకూడదని ఆ పెట్టె తెప్పించాడు.

అక్క బాధ వేరు. కొంతకాలంగా ఎప్పుడు ఫోన్ చేసినా చివరికి అదే మాట. "ఆయనకి నేనంటే లెక్కలేదురా. గోడకి చెప్పుకున్నా నయం." నేను ఎమ్మెస్‌కి వచ్చిన కొత్తలో నాకు డ్రైవింగ్ నేర్పింది బావే. పక్క సీట్లో కూర్చుని ఒక్క నిమిషం నోరు మూసేవాడు కాదు. అలాంటి మనిషి ఇప్పుడు ఎవరింట్లో పార్టీ అయినా ఒక మూల ఫోన్ చూసుకుంటూ కూర్చుంటున్నాడు. ఆఫీసులో పెద్ద పొజిషన్ వచ్చింది కదా, కాస్త తలకెక్కిందనుకున్నాను.

శనివారం పొద్దున ఇంటి ముందు కారు తలుపులు తెరిచి పని మొదలుపెట్టాం. కారు ఆన్‌లో ఉన్నప్పుడు మాత్రమే కరెంటు వచ్చే ఫ్యూజ్ వెతికి, దాన్నుంచి డిటెక్టర్‌కి వైరు లాగాలి. ఎప్పుడూ కరెంటుండే దానికి తగిలిస్తే బ్యాటరీ దిగిపోతుంది. అందుకని ఇగ్నిషన్ ఆఫ్‌లో ఒకసారి చూసి, ఇప్పుడు ఆన్ చేసి, మీటరు పెట్టి ఒక్కో ఫ్యూజూ మళ్లీ చూస్తున్నాను. తలుపు తెరిచి ఉందని కారు ఆపకుండా టింగు టింగుమంటోంది. నాకు చిరాకెత్తిపోయింది. బావ మాత్రం డ్రైవర్ సీట్లో హాయిగా వెనక్కి వాలి, పక్కింటివాడి గడ్డి గురించి ఏదో చెబుతున్నాడు.

వైరుని ముందద్దం పైనున్న సీలింగ్ గుడ్డ అంచులోకి దోపి, అక్కడ్నుంచి అద్దం పక్కనున్న స్తంభం వెంట కిందికి దించాను. ఆ స్తంభం తొడుగు లోపల ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. వైరు దాని ముందు నుంచి పోతే, యాక్సిడెంట్‌లో అది విచ్చుకున్నప్పుడు వైరు వచ్చి మొహానికే కొడుతుంది. అందుకని తొడుగు ఊడదీసి వెనకనుంచి పోనిచ్చాను. డాష్‌బోర్డు కింద తల పెట్టి, ప్లయర్స్ ఇవ్వమని బావని రెండుసార్లు అడిగాను. ఇవ్వలేదు. నేనే చెయ్యి చాపి వెతుక్కుని, గ్రౌండ్ వైరుని ఒక బోల్టు కింద బిగించాను.

పెట్టెని అద్దానికి అంటించి ఆన్ చేస్తే లైటు వెలిగింది. పరీక్షించడానికి పోలీసు దొరకనక్కర్లేదు. పెద్ద షాపుల్లో మనిషిని చూసి తెరుచుకునే తలుపుల సెన్సర్లకి కూడా ఇవి మోగుతాయి. దగ్గర్లోని గ్రోసరీ స్టోర్‌కి బావ డ్రైవ్ చేశాడు. ఎదురెండ. పార్కింగ్‌లోకి తిరగ్గానే బీప్ మొదలైంది. తలుపుల దగ్గరికి వెళ్లేకొద్దీ బీపుల వేగం పెరిగింది. సరిగ్గా వాటి ముందుకొచ్చేసరికి ఆగకుండా కీచుమంటోంది. నేను నవ్వుతూ చెవులు మూసుకోబోయాను.

"ఏంట్రా, ఏమీ రావట్లేదు? గ్రౌండ్ సరిగ్గా తగల్లేదేమో, మళ్లీ ఒకసారి చూడు," అన్నాడు బావ.

ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. కానీ ఆయన ముందుకి వంగి, నిజంగానే ఎదురుచూస్తున్నాడు. పెట్టె వైపే చూస్తున్న నా మొహంలోకి చూశాడు. తర్వాత పెట్టె మీద ఎండ పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టాడు. నీడలో ఎర్రలైటు గబగబా ఆరి వెలుగుతోంది. వెనక కారువాడు హార్న్ కొట్టాడు. అది మాత్రం ఆయనకి వినపడింది. కారు తీసుకెళ్లి ఒక చివర పార్క్ చేశాడు.

సన్నటి శబ్దాలు వినపడటం మానేసి చాలాకాలమైందట. ఆడవాళ్ల గొంతులు, పిల్లల గొంతులు సగం సగమే అందుతాయట. మీటింగుల్లో స్క్రీన్ మీద వచ్చే క్యాప్షన్స్ చదువుకుంటూ, అందరూ నవ్వినప్పుడు తనూ నవ్వుతూ నెట్టుకొస్తున్నాడు. డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు. టీమ్‌లో మనుషుల్ని తీసేస్తున్నారు, కాల్స్‌లో పనికిరాడన్న మాట పుడితే జాబ్ ఉండదు, జాబ్ లేకపోతే వీసా స్టేటస్ ఏమవుతుందో నీకు తెలుసుగా అన్నాడు. అక్కకైనా చెప్పాల్సింది అన్నాను.

"చెప్తే రోజూ నేను ఆఫీస్ నుంచి వచ్చేదాకా భయపడుతూ కూర్చుంటుంది. నువ్వు చెప్పకు."

నేను మాటివ్వకుండానే సీటుబెల్టు పెట్టుకున్నాను.

ఇంటికొచ్చేసరికి అక్క సింక్ దగ్గర అటు తిరిగి గిన్నెలు కడుగుతోంది. కొత్తిమీర కాస్త తెంపుకురమ్మని బావని అడిగింది. ఆయన టేబుల్ దగ్గర తల వంచుకుని ఉన్నాడు. అక్క వెనక్కి తిరిగి, చూశావా అన్నట్టు నా వైపు చూసింది. ఆ చూపు చాలాసార్లు చూశాను. ఆ రోజు మాత్రం దాన్ని ఎదుర్కోలేకపోయాను.

"బావా," అన్నాను గట్టిగా. "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

బావే చెప్పాడు, టేబుల్ మీదినుంచి కళ్లెత్తకుండా. అక్క పంపు కట్టేసింది. చేతులు చాలాసేపు తుడుచుకుంది.

"అయితే ఆ రోజు నా చెకప్ నుంచి వస్తూ కార్లో నేను చెప్పింది కూడా?"

"ఏం చెప్పావు?"

"రొమ్ములో గడ్డ ఉందన్నారు, బయాప్సీ చెయ్యాలన్నారు, మీరు కూడా రండి అన్నాను. మీరు తలూపారు. చూద్దాంలే అన్నారు."

అది నాకూ తెలియదు. బావ లేచి నిలబడ్డాడు. వినపడలేదు అన్నాడు. మళ్లీ అదే మాట అన్నాడు.

"వినపడలేదని ఆ రోజే ఒక్క మాట అనుంటే మళ్లీ చెప్పేదాన్ని కదండీ. ఒక్కదాన్నే వెళ్లొచ్చాను," అని అక్క మేడ మీదికి వెళ్లిపోయింది.

బావ నా వైపు తిరిగి, రిపోర్ట్ ఏమని వచ్చిందట అని అడిగాడు. నాకు తెలియదన్నాను. అప్పుడు మెట్లెక్కాడు. కింద కూర్చున్న నాకు అక్క గొంతు బాగా వినిపిస్తోంది. ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడే మనిషి కాదు. కోపంతో అరుస్తోందో, ఆయనకి వినపడాలని అరుస్తోందో తెలియలేదు. భయపడాల్సిందేమీ లేదని రిపోర్ట్ వచ్చినట్టు ఆ మాటల్లోనే తెలిసింది.

తర్వాత పరీక్షలయ్యాయి, రెండు చెవులకీ హియరింగ్ ఎయిడ్స్ వచ్చాయి. మేనేజర్‌కి చెబితే ఆయన పెద్దగా పట్టించుకోలేదు. ఇన్నాళ్లు దేనికి భయపడ్డానో అని బావ నాతో అన్నాడు. అక్కతో ఆ మాట అనే ధైర్యం ఆయనకి లేదు. ఎదురుగా నిలబడి, మొహం కనపడేలా మాట్లాడాలని క్లినిక్‌లో చెప్పారు. అక్క అలాగే ఎదురుగా నిలబడి మాట్లాడేది, కానీ పాలు, కూరలు, కరెంటు బిల్లు తప్ప మరో మాట ఉండేది కాదు. ఆయనకి తానంటే లెక్కలేదన్నది నిజం కాదని తెలిశాక కూడా ఇన్నాళ్లు మింగిన అవమానం పోలేదు. తన దగ్గర దాచాడని తెలిసి ఇంకాస్త ముదిరింది.

చలికాలంలో అక్కకి ఫాలో-అప్ స్కాన్ ఉంటే, ఆ రోజు నేను ఫోన్ చేశాను. అంతా బానే ఉందంది. బావ వచ్చాడా అని అడిగాను.

"వచ్చారు," అంది. ఆయన గురించి ఇంకేమీ అనకుండా, ఆఫీస్ ఎలా ఉంది నీకు అని అడిగింది.