బావ బండికి పెద్ద టైర్లు

మొన్న ఆదివారం కొమురవెల్లికి పోతూ, సిద్దిపేట దాటాక రోడ్డు పక్క హోటల్లో చాయ్‌కి ఆగాను. అప్పుడే ఒక కొత్త జీపు వచ్చి నా ముందు నిలబడింది. టైర్లు నా నడుము దాకా ఉన్నాయి. వాటి మీద అరచేయంత రబ్బరు గడ్డలు, గడ్డకూ గడ్డకూ మధ్య పిడికిలి పట్టేంత సందు. బురదలో తిరగడానికని చేసిన టైర్లు. ఆ సందుల్లో బురద సంగతి దేవుడెరుగు, ఒక గడ్డిపోచ కూడా లేదు. దిగిన కుర్రవాడు ముందు టైర్లను తుడిచాడు, తర్వాతే అద్దాన్ని. నేను అలవాటు చావక దగ్గరికి పోయి బొటనవేలితో రబ్బరు నొక్కి చూశాను. "ఎట్లున్నయ్ అంకుల్?" అన్నాడు. ముప్పై ఏళ్లు టైర్ల దుకాణంలో కూర్చున్నవాణ్ని, వాటి గురించి చెప్పాల్సింది నా దగ్గర చాలానే ఉంది. "మంచిగున్నయ్ బిడ్డా" అన్నాను. వచ్చి నా గ్లాసు ముందు కూర్చున్నాను గాని చాయ్ ముట్టలేదు. సరిగ్గా ఆ మాటే, అదే గొంతుతో, ఒకప్పుడు మా బావతో అన్నాను.

మాది దుకాణాల ఇల్లు. తాత బెల్లం అమ్మాడు, చిన్నాయన గొళ్లేలు, బోల్టులు అమ్మాడు, బాపు సైకిల్ ట్యూబులతో మొదలుపెట్టి టైర్లకు వచ్చాడు. బేరం మాకు తిండి లాంటిది. జ్వరమొచ్చి దవాఖానకు పోతే, డాక్టరు రెండు సూదులు రాసినా మా బాపు "ఇయ్యాల్టికి ఒకటి చేసుకుందాం సార్, రేపు చూద్దాం" అనేవాడు. పెళ్లిచూపుల్లో మా అమ్మ పిల్లకు వంటలు ఎన్ని వచ్చో అడిగి, వాళ్లు పది అంటే, "ఆరు బాగొస్తే చాలు" అని తేల్చింది. అలాంటి ఇంట్లో పెరిగిన నాకు నిజాన్ని పూర్తిగా చెప్పడం దండగ అనిపించేది. సగం చెప్పాలి, మిగతా సగం ఎదుటివాడు అడిగితే చూసుకోవాలి. అడగకపోతే అది వాడి తెలివితక్కువ. ఇది వ్యాపారమని నాకెవరూ నేర్పలేదు, కానీ వద్దని కూడా ఎవరూ అనలేదు.

బావ అంటే మా అక్క భర్త. నంగునూరు అవతల ఊరు. ఆయనది పూర్తిగా వేరే కోవ. ధర అడిగి, జేబు తడుముకుని, ఇచ్చేసేవాడు. మా బాపు ఆయన్ని చూసి జాలిపడేవాడు. వేలంలో వచ్చిన ఒక పాత డీజిల్ జీపు కొని, మా దగ్గరే దానికి సన్నటి మామూలు టైర్లు వేయించుకుని, ఊళ్ల నుంచి సిద్దిపేటకు మనుషుల్ని తిప్పేవాడు. కూరగాయల గంపలు, మేకలు, కోళ్లు, ఆడవాళ్లు, అందరినీ ఎక్కించుకునేవాడు. స్టీరింగు ముందు కూర్చుంటే ఆయన ముఖం వెలిగేది. ఎడమచేత్తో చక్రాన్ని తేలిగ్గా తిప్పుతూ, కుడిచేత్తో బయట కనబడిన ప్రతివాడికీ దండం పెట్టేవాడు. అక్క అనేది, "నీ బావకు నేను రెండో పెండ్లాన్ని తమ్మీ, మొదటిది వాకిట్ల నిలవడ్డది."

రాష్ట్రం రావడానికి మూడేళ్ల ముందు సంగతి ఇది. సకల జనుల సమ్మె నడుస్తున్న వానాకాలం. బస్సులు డిపోల్లో నిలిచిపోయాయి, బడులు మూతపడ్డాయి, రోడ్ల మీద వంటావార్పులు, ప్రతి నాలుగు మైళ్లకూ ఒక రాస్తారోకో. రోడ్డు మూసుకుపోతే చెలకల్లో నుంచి, పొలంగట్ల పక్కన బండ్లబాటల్లో నుంచి పోవాలి. వాన పడి ఆ బాటలన్నీ జారుడు. ఒక పొద్దున బావ దుకాణానికి వచ్చాడు. "బామ్మర్దీ, బండి బురదల దిగవడుతున్నది. మంచి పట్టున్న టైర్లు ఏమన్నున్నయా?"

ఉన్నాయి. అదే నా పాపం. ఎవరో కాంట్రాక్టరు సోకుకు చెప్పి తెప్పించి, చివరికి తీసుకోకుండా పోయిన నాలుగు పెద్ద బురద టైర్లు ఏడాదిగా నా దుకాణంలో దుమ్ము పట్టి, పిల్లులు ఈనడానికి పనికొస్తున్నాయి. మా దుకాణం పక్కనే ఒక మెకానిక్ భాయ్ ఉండేవాడు. ఇంజను శబ్దం విని రోగం చెప్పగలిగిన మనిషి. మా బజారులో ఒక కట్టుబాటు ఉంది: పక్కవాడి బేరం నడుస్తుంటే నోరు విప్పకూడదు. ఆ రోజు భాయ్ చేతులు తుడుచుకుంటూ వచ్చి, టైర్ల వంక, బండి వంక చూసి, నన్ను వదిలేసి బావను అడిగాడు.

"అన్నా, నీ బండి దినాం ఎంత దూరం తారు మీద నడుస్తది, ఎంత దూరం బురదల?"

"సమ్మె లేకపోతె అంత తారే భాయ్. బురద అంటే గీ నెల రోజులే."

భాయ్ ఇంకేదో అనబోయాడు. నేను దగ్గాను. మా బజారులో దగ్గు అంటే చాలా అర్థాలున్నాయి. ఆయన తలవంచుకుని తన పానాల దగ్గరికి పోయాడు. "మంచిగున్నయ్ బావా," అన్నాను నేను. "గివి ఏస్తే నీ బండి బర్రె తీర్గ చెర్ల దిగి చెర్ల లేస్తది." పాత సన్న టైర్లు నాకు ఇచ్చేస్తే ధర తగ్గిస్తానన్నాను. వాటిలో ఇంకా సగానికి పైగా ప్రాణముంది. ఆయన ఒప్పుకున్నాడు. బావ బేరం చేయడని తెలిసీ బేరం చేశాను. చేతులు కట్టుకుని నిలబడినవాడితో కుస్తీ పట్టినట్టు.

ఆ టైర్లు పట్టేలా బండిని ఎత్తడానికి కమాను పట్టీల కింద ఇనుపదిమ్మెలు పెట్టాల్సి వచ్చింది, మడ్‌గార్డుల అంచులు కోయాల్సి వచ్చింది. భాయ్ ఆ పనంతా మాట్లాడకుండా చేశాడు. అయిపోయాక బండి కొత్త బూట్లు తొడిగిన పిల్లాడిలా నిలబడింది. బావ దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు, సంతోషంగానే.

ఇప్పుడు రెండో పాపం. సమ్మెలో టైర్ల దుకాణానికి కొత్త గిరాకీ ఒకటి పుట్టింది. రోడ్ల మీద కాల్చడానికి పాత టైర్లు కావాలని పోరగాళ్లు వచ్చేవారు. అందరూ అరిగిపోయినవి ఇచ్చేవారు, నేనూ ఇచ్చాను. అయితే బావ బండికి టైర్లు ఎక్కించిన మర్నాడు వాళ్లు వచ్చేసరికి నా దగ్గర అరిగినవి అయిపోయాయి. దుకాణం ముందు పదిమంది నిలబడి చూస్తున్నారు. ఎదుటి కిరాణం వాళ్లు అప్పటికే రెండు బస్తాల బియ్యం వంటావార్పుకు ఇచ్చి పేరు కొట్టేశారు. నాకు రోషం వచ్చింది. బావ దగ్గర తీసుకున్న నాలుగూ తీసి ఇచ్చేశాను. "అన్న మంచి టైర్లిచ్చిండు" అని వాళ్లు నా మెడలో బంతిపూల దండ వేశారు. ఉద్యమం మీద నాకు ప్రేమ లేదని కాదు. ఉంది, నిజంగానే ఉంది. కానీ ఆ రోజు నేనిచ్చింది బావ సొత్తు, వేయించుకున్నది నా మెడలో దండ.

పెద్ద టైర్ల గురించి అబద్ధం ఎందుకు చెప్పాలి, మొదటి రెండు రోజులు బాగానే నడిచాయి. ఎర్రచెలక నేలల్లో, లోతు గుంతల్లో, రాళ్ల మీద ఆ బండి ఎక్కనిచోటు లేదు. బావ ఫోను చేసి మరీ మెచ్చుకున్నాడు. మూడో రోజు నల్లరేగడిలో దిగాడు. రబ్బరు గడ్డల సందుల్లో మన్ను నిండిపోయి నాలుగు టైర్లూ నాలుగు గుండ్రటి మట్టిముద్దలయ్యాయి. అది చూసి వాళ్ల బాపు, ఎనభై ఏళ్ల మనిషి, గట్టు మీద కూర్చుని అన్నాడట: "ఎడ్లబండి గిర్ర సన్నగ ఎందుకు చేసిన్రనుకున్నవ్ కొడుకా? సన్నటిది బురదను కోసుకుంట పోయి కిందున్న గట్టినేలను అందుకుంటది. నీయి బురద మీద కూసున్నయ్." తారు రోడ్డెక్కితే ఇంకో తీరు. తుమ్మెదల గుంపులా ఒకటే రొద. డీజిలు తాగడం పెరిగింది, చిన్న ఎత్తుకే ఇంజను ఆయాసపడేది, బ్రేకు నొక్కితే బండి ఆలోచించి ఆగేది. ముసలమ్మలు అంత ఎత్తు ఎక్కలేక వెనక్కి పోతుంటే, బావ బండిలో ఒక కర్రపీట వేసుకుని, ప్రతి ఊళ్లో దిగి వేసి, ఎక్కించి, మళ్లీ తీసి పెట్టుకునేవాడు. అన్నిటికన్నా కష్టం స్టీరింగు. ఒక్క చేత్తో తిరిగే చక్రం రెండు చేతులతో, భుజాలతో కుస్తీ పడితే గాని తిరగడం లేదు.

వారం తిరక్కుండా బావ దుకాణానికి వచ్చాడు. మధ్యాహ్నం వేళ. నా దండ ఎండిపోయి ఇంకా బోర్డుకు వేలాడుతోంది. ఆయన చేతులకు బొబ్బలున్నాయి.

"బామ్మర్దీ, నా పాత టైర్లు ఉన్నయా?"

"ఎక్కడియి బావా. మొన్ననే ఒకాయన వచ్చి కొండవోయిండు."

ఆయన నా ముఖం వంక చూశాడు, తర్వాత దండ వంక చూశాడు. "ఒకాయననా," అన్నాడు.

"ఆఁ. ఇంకో వారం చూడు బావా, చెయ్యి అలవాటు పడ్తది."

"సరే తియ్యి."

వెనక టైర్లు పేర్చే రాకులో ఆయన బండికి సరిపోయే సన్న టైర్లు, కొత్తవి, నాలుగు ఉన్నాయి. బావ కూర్చున్న బల్ల నుంచి అవి కనబడవు. వాటిని తీసి ఇచ్చి, ఈ పెద్దవి నేనే పెట్టుకుని ఉంటే ఆ రోజుతో సంగతి తెమిలిపోయేది. నాకు నష్టం, అంతే. ఆయన వెళ్లిపోయాక భాయ్ తన దుకాణం నుంచే అన్నాడు, "సేఠ్, దగ్గు తగ్గిందా?"

ఇంకో వారం అన్నాను కదా. అంత కూడా పట్టలేదు. నాలుగో రోజున బండ్లబాటలో ముందు చక్రం బురదలో దాగి ఉన్న రాయికి తగిలి ఒక్కసారిగా అడ్డం తిరిగింది. అంత పెద్ద టైరు తిరిగితే స్టీరింగు ఊరుకోదు. అది గిర్రున తిరిగి లోపలి ఊచ బావ ఎడమ మణికట్టుకు తగిలింది. ఎక్కినవాళ్లకెవరికీ ఏమీ కాలేదు, బావ ఎముక విరిగింది. రోడ్డు మూసి ఉండడంతో ఊళ్లోనే వెదురుదబ్బలు పెట్టి కట్టారు. రెండు రోజుల తర్వాత దవాఖానకు చేరి పిండికట్టు వేయించినా, చివరికి అది వంకరగానే అతుక్కుంది. నేను పోతే అక్క ఏడుస్తూ చెప్పింది. "బండి దిగుతుంటే బురదల జారిండట తమ్మీ. ఇంత వయసొచ్చింది, జర సూసుకొని దిగద్దా." మంచం మీద నుంచి బావ నన్ను చూశాడు. "ఔ, జారిన," అన్నాడు.

బండిని లాక్కురావడానికి పోయిన భాయ్ తిరిగొచ్చాక నాతో ఒక్కటే మాటన్నాడు. "జారలే సేఠ్. స్టీరింగు చూస్తె నాకు తెలుస్తది. నేను ఆనాడు నోరు మూసుకున్న, నాది కూడ గలతీ ఉన్నది." ఆ "కూడ" అనే మాట దగ్గర ఆయన ఆగాడు. నేను దగ్గలేదు.

బావ మళ్లీ స్టీరింగు పట్టలేదు. చెయ్యి సగమే తిరిగేది. ఆ మరుసటేడు జీపు అమ్మేసి, కొమురవెల్లిలో చిన్న దుకాణం పెట్టాడు. మల్లన్నకు చల్లే పసుపు బండారి, బెల్లం, కొబ్బరికాయలు. దుకాణం పెట్టాడని మా బాపు సంబరపడ్డాడు. "ఇప్పటికి నీడపట్టున కూసున్నడు" అన్నాడు. నాకు మాత్రం అక్కడికి పోయినప్పుడల్లా, గోడకు ఒరిగి రోడ్డు మీద పోయే ప్రతి బండినీ తల తిప్పి చూసే ఆ మనిషిని చూస్తే, ఎవరినో చెట్టుకు కట్టేసినట్టుండేది. రాష్ట్రం వచ్చింది. వచ్చిన రోజు మేమిద్దరం ఒకే రంగు చల్లుకున్నాం. ఆ రోజు చెబుదామనుకున్నాను. పండుగ పూట ఎందుకని మానేశాను. అక్క కూతురి పెళ్లిలో చెబుదామనుకున్నాను. బాపు పోయినప్పుడూ అనుకున్నాను. ఏదో ఒకటి అడ్డం వచ్చేది. నిజం చెప్పాలంటే నేనే తెచ్చి అడ్డం పెట్టేవాణ్ని.

మొన్న ఆదివారం ఆ చాయ్ అట్లాగే వదిలేసి కొమురవెల్లి పోయాను. జాతర రోజులు, దుకాణం ముందు జనం. బావ కుడిచేత్తో బండారి పొట్లాలు కడుతూ, ఎడమచేతి వంకర మణికట్టుతో దారాన్ని అదిమి పడుతున్నాడు. కొంచెం సందు దొరికేదాకా ఆగి చెప్పాను. అంతా చెప్పాను. కాంట్రాక్టరు వదిలేసిన టైర్లని, దగ్గానని, ఆయన టైర్లు కాల్చడానికి ఇచ్చానని, రాకులో కొత్తవి ఉండగానే అబద్ధమాడానని. ఆయన పొట్లం కట్టడం ఆపలేదు.

"టైర్లు కాలవెట్టినయ్ నాకెర్కే," అన్నాడు.

"ఎట్ల ఎర్క?"

"గా దినం నంగునూరు మూల మీద రాస్తారోకోల నా బండి గూడ ఆగింది. మంట ముంగట నేనే నిలవడ్డ. నా బండి నంబరు తెల్లరంగుతోని టైర్ల మీద నేను రాసుకుంటిని గద. అది కాలుతుంటే చదువుకుంట నిలవడ్డ." పొట్లం ముడి బిగించాడు. "నేను గూడ జై తెలంగాణ అన్న. ఏం జేస్త మరి."

"అయితే దుకాణానికి వచ్చినప్పుడే ఎందుకు అడగలే బావా?"

"అడిగిన గదరా. ఉన్నయా అని అడిగిన."

ఆయన అడిగింది టైర్ల గురించి కాదు. నాకు ఒక అవకాశం ఇవ్వడానికి వచ్చాడు, నేను ఒకాయన కొన్నాడని చెప్పి పంపించాను. రాకులోని కొత్త టైర్ల సంగతి మాత్రం ఆయనకు ఇప్పుడే తెలిసింది. అది విన్నప్పుడు దారం మీద ఆయన మణికట్టు ఒక క్షణం కదలకుండా ఉండిపోయింది. అదొక్కటే నేను చూశాను.

"ఏం జెయ్యమంటవో చెప్పు బావా."

"ఏం జేస్తవ్ ఇప్పుడు. మంది వస్తున్రు, దారం పట్టు."

పట్టాను. చీకటి పడేదాకా ఆయన బండారి పోస్తే నేను పొట్లాలు కట్టాను. ఎవరో ధర తగ్గించమంటే బావ తగ్గించేశాడు, నేను నోరు మెదపలేదు. ఏదైనా కొనేటప్పుడు ధర కుదరకపోతే దుకాణం మెట్లు దిగి నడవడం, వెనక నుంచి పిలుపు వస్తుందని చెవులు రిక్కించడం మా ఇంటి విద్య. పద్నాలుగేళ్లు నేను అట్లాగే ఆ మాట చెప్పకుండా నడిచిపోతూ వచ్చాను. దుకాణదారైతే ఎప్పుడో ఒకప్పుడు వెనక్కి పిలుస్తాడు, కాలం పిలవదు.