జపాను ఓడ దిగిన తోక కప్పలు

ఆ సీసాని పారేయమని మా వార్డు సిస్టరమ్మ నాకే పురమాయించింది. డెబ్బైల చివర్లో సంగతి. విశాఖపట్నంలో ఒక ఆస్పత్రిలో నర్సుగా కొత్తగా చేరాను. ఇనప ఖనిజం కోసం వచ్చిన జపాను ఓడ నుంచి ఒక నావికుణ్ణి స్ట్రెచరు మీద తెచ్చారు. అపెండిక్సు పగిలిపోయింది. పొట్ట కోసి, కడిగి, కుట్టి పడుకోబెట్టేసరికి అతని ఓడ రేవు దాటి వెళ్ళిపోయింది. అతని మంచం కింద ఒక సంచీ, సంచీ పక్కన వెడల్పు మూతి గాజు సీసా, అందులో నాలుగు కాళ్ళతో ఈదుతున్న రెండు ప్రాణులు మిగిలాయి.

మత్తు దిగగానే అతను వెతుక్కున్నది ఆ సీసానే. నేను దాన్ని పట్టుకుని బయటికి నడుస్తుంటే కుట్లు తెగుతాయన్న భయం కూడా లేకుండా లేవబోయాడు. ఆ కళ్ళు చూసి నా నోట తెలుగే వచ్చింది. "పడేయను బాబూ, మా ఇంటికి తీసుకెళ్తాను" అని గుండెల మీద చెయ్యేసుకున్నాను. అతను రెండు వేళ్ళు ఎత్తాడు. రెండింటినీ అన్నట్టు నేనూ రెండు వేళ్ళు ఎత్తాను. కోరి తలకి చుట్టుకున్నానని అప్పుడే తెలిసుంటే ఎంత బాగుండేది.

మల్కాపురంలో మా ఇల్లు. అమ్మ, ఓడరేవులో కలాసీగా చేసే అన్నయ్య, నేను. అమ్మ సీసాలోకి తొంగి చూసి వెనక్కి గెంతింది.

"ఓలమ్మో! బల్లులే ఇవి. ఇంట్లో ఎట్టకు. కూట్లో పడ్డాయంటే అందరం సత్తాం."

"బల్లులు నీళ్ళల్లో బతుకుతాయేటి? సేపలివి" అన్నాడు అన్నయ్య.

"సేపలకి కాళ్ళేటిరా?"

నాకూ అంతు చిక్కలేదు. వీపు నలుపు, పొట్ట ఎరుపు, ఆ ఎరుపు మీద మళ్ళీ నల్లటి మచ్చలు. తోక చేపతోకలా చదును. న్యూట్ అనే పేరు చాలా ఏళ్ళ తర్వాత నా చెవిన పడింది. ఆ రోజు మాత్రం వాటిని ఎలా ఉంచాలో, ఏం పెట్టాలో చెప్పే మనిషి ఊళ్ళో ఒక్కడూ దొరకలేదు. అడిగిన ప్రతివాళ్ళూ పొట్ట ఎరుపు చూసి విషమన్నారు. పెంచుకున్న మనిషేమో జ్వరంలో కాలిపోతున్నాడు, అతని భాష మాలో ఎవరికీ రాదు.

చివరికి అన్నయ్యే తేల్చేశాడు. "ఓడ మీదొచ్చినాయి గదేటి? సముద్రం నీళ్ళే పొయ్యాల" అని బిందెడు ఉప్పునీళ్ళు మోసుకొచ్చాడు. మాకూ సబబుగానే తోచింది. పోశాడో లేదో, రెండూ మెలికలు తిరిగిపోయాయి. సీసా గోడ మీదికి ఎగబాకి జారిపడ్డాయి, మళ్ళీ ఎగబాకాయి. ఇంట్లో పెట్టొద్దన్న అమ్మే చెయ్యి పెట్టి వాటిని బయటికి లాగి, "పెబువా, పెబువా" అంటూ మంచినీళ్ళ గిన్నెలో వదిలింది.

అమ్మ అరచేతిలో ఉండగా నేను వాటి ఒంటిని చూశాను. పొలుసు లేదు. తడి తడిగా, మెత్తగా, కొంచెం గరుకుగా ఉన్న కప్ప చర్మం. సముద్రం ఒడ్డున కప్ప అరవగా నేనెప్పుడూ వినలేదు. "అమ్మా, ఇవి కప్పలే. తోక ఊడని కప్పలు" అని అరిచాను. కప్ప సంగతి మాకు తెలుసు. చల్లదనం కావాలి, నీడ కావాలి, ఎక్కి కూర్చోడానికి రాయి కావాలి, తినడానికి పురుగు కావాలి. బ్లీచింగు వాసన కొట్టే కుళాయి నీళ్ళు మానేసి బావినీళ్ళు తెచ్చాం. మట్టికుండలో సగం దాకా పోసి, మధ్యలో రాయి పెట్టి, మూతికి పల్చటి గుడ్డ వాసెన కట్టాం. అమ్మ పెరడు తవ్వి వానపాము ముక్కలు చేసి వేసింది. పెద్దది గుటుక్కున మింగింది. చిన్నది ముట్టలేదు.

అక్కడ అతనూ ముట్టడం లేదు. గంజి నోటి దగ్గరికి తీసుకెళ్తే పెదవులు బిగించేసేవాడు. తినకపోతే కుట్లు మానవు, మనిషి దక్కడు అన్నారు డాక్టరుగారు. నేను వార్డులోకి రాగానే రెండు వేళ్ళు ఎత్తేవాడు. నేను నవ్వుతూ రెండు వేళ్ళు ఎత్తేదాన్ని. అతను గోడవైపు తిరిగిపోయేవాడు. పక్క మంచం మీద ఒక ముసలాయన ఉండేవాడు. ఆయనకీ మేం రోజూ నవ్వుతూ తలూపేవాళ్ళం, బాగుంది తాతా, తగ్గిపోతుంది అని. ఒక పొద్దున ఆయన ముఖం మీద దుప్పటి కప్పాం. జపానతను అదంతా కళ్ళు తెరుచుకుని చూశాడు. సీసా తెచ్చి చూపిద్దామంటే సిస్టరమ్మ గుమ్మం దాటనివ్వనంది.

ఎండలు ముదిరాయి. రిఫైనరీ వాసనతో కలిసిన ఉక్క మా పెంకుటింట్లో పొయ్యి మీద మూతలా కూర్చుంది. కుండ చుట్టూ తడి ఇసుక పోశాం, తడి గోనె చుట్టాం. అయినా మధ్యాహ్నానికల్లా చిన్నది రాయి మీద వాలిపోయేది. ఇక లాభం లేదని డ్యూటీ దిగి జాలరిపేట పరిగెత్తాను. మా ఆస్పత్రి గేటు దగ్గర చేపలమ్మే ఆమె అక్కడ ఐసు పగలగొడుతోంది.

"ఏటి సెల్లీ, సేపలొద్దు, ఐసే కావాలంటన్నావ్? ఎవులికి జొరం?"

"కప్పలకి" అన్నాను.

పకపకా నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది. ఊకతో సహా పెద్ద గడ్డ నా సంచీలో పడేసింది. బస్సులో ఆ నీళ్ళు కారి పక్కవాళ్ళ చెప్పులు తడిశాయి. చేపకంపు అన్నారు, దింపేయమన్నారు. "దింపండి చూద్దాం!" అని అరిచాను. అరవడం నాకు కొత్త కాదు గానీ, ఆ రోజు ఏడుస్తూ అరిచాను. ఆ మనిషి నాకు చుట్టమా, పక్కమా? ఎందుకు నాకీ ఏడుపు? అనుకుంటూనే సంచీని ఒళ్ళో గట్టిగా పొదువుకున్నాను, అది కరుగుతూనే ఉంది.

ఇంటికి చేరేసరికి గుప్పెడు ఐసు మిగిలింది. అమ్మ కుండ ముందు చతికిలబడి తాటాకు విసనకర్రతో విసురుతోంది.

"సిన్నది పోనాదే" అంది. "నాను ఇసుర్తానే ఉన్నాను."

ఆ గుప్పెడు ఐసు తొట్టిలో వేసి, పెద్దది ఉన్న కుండని అందులో కూర్చోబెట్టాం.

"రెండు వేళ్ళే సూపించీ. ఆడికేటి తెలుస్తాది?" అన్నాడు అన్నయ్య, పొద్దున్నే నేను బయల్దేరుతుంటే. వార్డు గుమ్మం దాకా నాకూ అదే మంచిదనిపించింది. నన్ను చూడగానే అతను రెండు వేళ్ళు ఎత్తాడు. నా చెయ్యి లేచింది గానీ వేలు ఒక్కటే లేచింది. నవ్వడం చేతకాలేదు. అందరిముందూ కళ్ళనీళ్ళు కారిపోయాయి.

అతను నా వేలుకేసి చాలాసేపు చూశాడు. తన రెండో వేలు మడిచేశాడు. ఏడ్చాడు. కాసేపటికి గంజి గిన్నె వైపు చెయ్యి చాపాడు.

చెంచాతో పట్టాను. సగం తాగాడు. అప్పుడుగానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు. ఇన్నాళ్ళూ నా రెండు వేళ్ళని అతను నమ్మలేదు. ముసలాయనకి చూపించిన నవ్వే తనకీ చూపిస్తున్నానని, రెండూ ఎప్పుడో చచ్చాయని అనుకున్నాడు. ఒకటి పోయిందని నేను ఏడిస్తే, ఒకటి ఉందని నమ్మాడు.

ఇక ఆ ఒక్కదాన్నీ చావనివ్వడానికి వీల్లేదు. అన్నయ్య సైకిలు మీద ఐసు మోశాడు. అమ్మ ప్రార్థనలో దాని మాట కూడా చేర్చింది. కప్ప కోసం ప్రార్థనేమిటే అంటే, "అదీ ఆయన సేసిందే గదేటి" అంది. అతను రోజూ ఒక వేలు ఎత్తి అడిగేవాడు, నేనూ ఒక వేలు ఎత్తితే గంజి తాగేవాడు. నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఇల్లు చేరేదాన్ని. చెప్పులైనా విడవకుండా వాసెన విప్పి చూసేదాన్ని.

వానలు పడ్డాక మరో ఓడ వచ్చింది. అతన్ని తీసుకెళ్ళడానికి ఏజెంటు జీపు ఆస్పత్రి గేటు దగ్గర ఆగింది. కుండ తెచ్చి అతని చేతుల్లో పెట్టి, విప్పి చూసుకోమని సైగ చేశాను. అతను తల అడ్డంగా ఊపాడు. ఒక వేలు ఎత్తి నాకే చూపించి, కుండని కుట్ల మీదికి ఆనించుకుని జీపెక్కాడు.

ఇంత చాకిరీ చేసి బతికిస్తే చూడనైనా చూడడేమిటని ముందు ఒళ్ళు మండింది. జీపు మలుపు తిరిగాక, ఆ ఒక్క వేలు నాకే ఎందుకు చూపించాడో తట్టి, గేటు దగ్గరే నిలబడి చిన్నపిల్లలా ఏడ్చాను.