భర్తీ వచ్చింది, బండి మునిగింది

ఆ రోజుల్లో భయం అనేది మా మేనమామ రూపంలో తప్ప ఇంకో రూపంలో ఉంటుందని నాకు తెలియదు. పదేళ్ల కిందటి మాట. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి సూరత్ వచ్చి, మామ మేస్త్రీగా ఉన్న కార్ఖానాలోనే మగ్గాల పనికి కుదిరాను. ఇరవై ఏళ్ల వయసు, మోచేతుల దాకా మడిచిన చొక్కా, చేతిలో కొత్త ఫోను. పన్నెండు గంటలు మగ్గాల చప్పుడులో నిలబడేవాడికి సముద్రం హోరు ఒక లెక్కా? (ఈత వచ్చా అని మీరు అడగొచ్చు. అప్పుడెవరూ అడగలేదు. అడిగి ఉంటే రాదనే చెప్పేవాణ్ణి, అదీ గర్వంగా.)

నా జతగాడు బాబిన్. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉన్నా, మగ్గంలో దారం చుట్టే బాబిన్‌లా సన్నగా ఉండి ఒక్కచోట నిలవకుండా గిర్రున తిరుగుతాడని కార్ఖానాలో అందరూ అలాగే పిలిచేవాళ్లు. ఆ ఆదివారం ఛుట్టీ. మామ బార్డోలీలో ఎవరిదో పెళ్లని పొద్దున్నే బస్సెక్కాడు. ఆయన మోటార్‌సైకిల్ తాళం మాత్రం గోడ మేకుకే వేలాడుతోంది. రోజూ పొద్దున తాను స్నానం చేయకముందే దానికి స్నానం చేయించే మనిషి ఆయన. బాబిన్ ఆ తాళం వైపు చూశాడు. నేను బాబిన్ వైపు చూశాను. "అరేయ్, సముద్రంల బండి నడుపుకుంట వీడియో తీస్తే ఎట్లుంటదిరా? నీళ్లు గిట్ల రెండుదిక్కులా చీల్కపోవాలె!" అన్నాడు. అంతే, అరగంటలో అడాజన్ దాటేశాం. ఇచ్ఛాపూర్ ఫ్యాక్టరీల పక్క నుంచి ఈలలు వేసుకుంటూ సముద్రపు ఒడ్డుకు చేరాం.

చేరితే, సముద్రం అక్కడ లేదు! ఎక్కడో దూరాన గీతలా కనబడుతోంది. మధ్యలో అంతా తడి నేల, తళతళా మెరుస్తూ. మా కోసమే వేసిన రోడ్డనుకున్నాం. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన లేచి మా వైపు గట్టిగా చెయ్యి ఊపాడు. అభిమానమే అనుకొని మేమూ ఊపాం. బండి దూకించాను చూడండి, బురద చిమ్ముతుంటే, బాబిన్ వెనక నుంచి "ఇంకా తేజ్, ఇంకా తేజ్!" అని అరుస్తుంటే, నా జన్మ ధన్యమైపోయింది. మూడు వీడియోలు తీశాం. మూడింట్లోనూ నా జుట్టు సరిగ్గా రాలేదు. నాలుగోది మొదలుపెట్టేసరికి వెనక చక్రం దిగబడింది. తోశాం, రేజ్ చేశాం, బతిమాలాం. సైలెన్సర్ దాకా కూరుకుపోయింది.

సరిగ్గా అప్పుడే ఒడ్డు నుంచి కేకలు. "భర్తీ! భర్తీ ఆవే ఛే! పాఛా వళో!" అంటున్నాడు పెద్దాయన. ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. గుజరాతీ మాకు అంతంతమాత్రం. కానీ భర్తీ అన్న మాట మాత్రం మా గదుల్లో పొద్దస్తమానం నలిగేదే. ఇచ్ఛాపూర్ వైపు పెద్ద ఫ్యాక్టరీలో భర్తీ పడిందంటే చాలు, యూనిఫామ్, క్యాంటీన్ భోజనం, బస్సులో రాకపోకలు అని రాత్రంతా కలలే.

"ఏందిరా, భర్తీ అంటుండు?" అన్నాను.

"నిజమేరా! ఫ్యాక్టరీల భర్తీ పడ్డట్టుంది. ఎన్ని పోస్టులున్నయో అడుగు జర!" అన్నాడు బాబిన్, చొక్కా మీది బురద దులుపుకుంటూ.

నేను రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకొని, "కాకా! ఐటీఐ నహీ హై, చలేగా?" అని అరిచాను. పెద్దాయన నెత్తి బాదుకున్నాడు. "నడ్వదంటుండురా పాపం" అని బాబిన్ నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు పూర్తయ్యేలోపే వాడి చెప్పు ఒకటి తేలుకుంటూ వెళ్లిపోయింది. గుజరాతీలో సముద్రపు పోటును కూడా భర్తీ అంటారని, పాఛా వళో అంటే వెనక్కి రమ్మనడమని నాకు ఆ చెప్పు చెప్పింది.

బుద్ధున్నవాడెవడైనా పరిగెత్తుతాడు. మేం చెరో హ్యాండిల్ పట్టుకొని నిలబడ్డాం. సముద్రం ఒక్కసారే ముంచుతుంది, మామ రోజూ ముంచుతాడని నా లెక్క. మోకాళ్ల దాకా, ఆ తర్వాత నడుం దాకా నీళ్లొచ్చాయి. వెనక్కి తిరిగి చూస్తే, మాకూ ఒడ్డుకూ మధ్యనున్న పల్లంలో నీళ్లు ముందే నిండి సుడులు తిరుగుతున్నాయి. బాబిన్ "అవ్వా" అని ఏడ్వడం మొదలుపెట్టాడు. నాకూ అప్పుడు భయం వేసింది. మామ రూపంలో లేని భయం, మొదటిసారి.

ఆ పెద్దాయన ఇంకో ఇద్దరిని వెంటేసుకొని, తాడూ లారీ ట్యూబూ పట్టుకొని ఈదుతూ వచ్చాడు. ఎవరు అరిచినా ఇలా దూకడం ఆ బెస్తపల్లె వాళ్లకు అలవాటట. జీతం లేదు, యూనిఫామ్ అసలే లేదు. బాబిన్‌ని ఆ ఇద్దరూ లాక్కుపోయారు. నేను హ్యాండిల్ వదల్లేదు. "బండీ ఛోడ్!" అన్నాడు కాకా. "మామా మారేగా, కాకా!" అన్నాను. "అరే, మామా బాద్ మే మారేగా!" అంటూ, మామ కొట్టేది తర్వాత సంగతన్నట్టు నా వేళ్లు ఒక్కొక్కటిగా విడదీశాడు. చిటికెన వేలు వదిలేలోపు పెద్ద అల వచ్చింది. బండి ఒరిగి కాకా మీద పడింది. ఆయన నీళ్ల కిందికి వెళ్లిపోయాడు.

నేను ట్యూబు పట్టుకొని అలాగే చూస్తున్నాను. నాకోసం ఒక మనిషి నీళ్ల కింద ఉన్నాడు, ఆయన పేరు కూడా నాకు తెలియదు. ఎంతసేపో చెప్పలేను. తల పైకి వచ్చింది, దగ్గొచ్చింది, దగ్గుతో పాటు గుజరాతీలో ఒక బూతు వచ్చింది. అంత కమ్మని మాట నేను మళ్లీ వినలేదు. కానీ ఎడమ చెయ్యి మాత్రం భుజం దగ్గర వేలాడిపోతోంది. మిగిలిన ఒంటి చేత్తోనే తాడు పట్టుకొని నన్ను ఒడ్డుకు చేర్చాడు.

సాయంత్రం మామ అంతా విన్నాడు. బండి గురించి ఒక్క ముక్క అడగలేదు. "ఆయన చెయ్యి ఎట్లున్నదిరా?" అన్నాడు. తెలియదన్నాను. అప్పుడు పడింది చెంప మీద.

పదిహేను రోజులకు మామే మిఠాయి పెట్టెతో మమ్మల్ని ఆ పల్లెకు తీసుకెళ్లాడు. కాకా చేతికి కట్టు. ఈ సీజన్‌కు వల లాగే పని లేదట. మామ వంగి ఆయన కాళ్లకు మొక్కితే, మా వంగని నడుములు కూడా వంగాయి. కాకా భార్య చాయ్ ఇచ్చి, హిందీ గుజరాతీ కలిపి చెప్పిన మాట ఇది. "మీకు బుద్ధి లేదంటే వయసు అనుకుంటాను. ఈయనకు యాభై దాటినా లేదు. ఎవడు అరిస్తే వాడి కోసం దూకుతాడు. ఈయన్ని నేను ఆపలేను బాబూ, మీరే ఆగండి." కాకా తప్పు చేసినవాడిలా గోడ వైపు చూశాడు.

ఇప్పుడు నాకు పొట్ట వచ్చింది, చేతికి గొడుగు వచ్చింది. ఈత మాత్రం రాలేదు. ఆదివారాలు పెళ్లాం పిల్లలతో అదే ఒడ్డుకు వెళ్తాను. మొన్న ముగ్గురు కుర్రాళ్లు బండి మీద తడి నేలలోకి దిగుతుంటే గొడుగు ఊపుతూ, ఆయాసపడుతూ అడ్డంగా పరిగెత్తాను. మా ఆవిడ సిగ్గుతో అటు తిరిగింది. వాళ్లలో ఒకడు తెలుగు కుర్రాడే, "ఏంది అంకుల్, నువ్వు లైఫ్‌గార్డువా?" అన్నాడు. "కాదు బిడ్డా, మునిగినోణ్ణి" అన్నాను. పడీపడీ నవ్వారు. నవ్వుకుంటూనే బండి వెనక్కి తిప్పారు. నవ్వితే నవ్వనీ, ఆ పూట ఎవరి కోసమూ దూకే పని లేక, కాకా తన ఇంట్లో అన్నం చల్లారకముందే తిని ఉంటాడు.