అంటుకోదని చెప్పిన నురుగు

అంబదాస్ పని చేసి వెళ్లిన గదిలో ఏప్రిల్ మధ్యాహ్నం కూడా కునుకు పడుతుందని అమీర్‌పేట హాస్టళ్లవాళ్లు చెప్పుకునేవారు. మేడలమీద వేసిన రేకుల గదులకు లోపలివైపు అతను పఫ్ అనే నురుగు కొట్టేవాడు. రెండు డ్రమ్ముల్లోని ద్రవాలు స్ప్రే గన్ మూతి దగ్గర కలిసి, రేకుకు తగలగానే నురుగులా పొంగి, క్షణాల్లో గట్టిపడతాయి. ఎండ లోపలికి దిగదు. సిరిసిల్లలో మగ్గాల మధ్య పుట్టినవాడు కాబట్టి పనితనం చేతికి నున్నగా తగలాలని అతని పట్టుదల.

ఆ నున్నదనమే అతని చేత తప్పు చేయించింది. ఉత్త పఫ్‌కు నిప్పు తగిలితే క్షణాల్లో గదంతా పాకుతుంది. అందుకే సనత్‌నగర్ ఫ్యాక్టరీలో దాన్ని తయారుచేసే విజయేందర్ డ్రమ్ములతో పాటు ఒక నల్లపొడి కూడా ఇచ్చేవాడు. మంట తగిలితే ఆ పొడి ఉబ్బి, నురుగుమీద మాడుపొరలా కమ్మి, మంటను ముందుకు పోనివ్వదు. "పొడి కలపకుంట కొట్టకు అంబదాసన్నా. మీదికెల్లి సిమెంటు బోర్డు సుత వెయ్యాలె," అని ప్రతిసారీ చెప్పేవాడు.

పొడి కలిపితే గన్ మూసుకుపోయేది. నురుగు గరుకుగా వచ్చేది. సుకన్య నడిపే ఆడపిల్లల హాస్టల్ మీద పనిచేస్తుండగా ఒకే పూట మూడుసార్లు మూసుకుపోయింది. మూడోసారి అంబదాస్ పొడి సంచిని పక్కకు నెట్టి, ఉత్త నురుగే కొట్టేశాడు. అద్దంలా వచ్చింది.

"గిది అంటుకోదు కద అన్నా? పైన పిల్లలుంటరు," అని సుకన్య అడిగింది.

అతను తన పనిముట్ల సంచిలోంచి పొడి కలిపిన పాత నురుగు ముక్క తీసి లైటర్ వెలిగించి పెట్టాడు. ముక్క నల్లబడి ఆరిపోయింది. "చూసిండ్రు కద మేడం. బోర్డు సుత అవసరం లేదు," అన్నాడు.

రెండు ఎండాకాలాలు గడిచాయి. మొన్న ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఆ గది స్విచ్ బోర్డులో నిప్పు రేగింది. వంటామె పైకి పరుగెత్తేసరికి గదినిండా నల్లటి పొగ. మిగతా పిల్లలు కోచింగ్‌కు వెళ్లారు. జ్వరంతో పడుకున్న నవీన ఒక్కతే లోపల ఉంది. కాలుతున్న ఇనప గడియను ఒట్టి చేత్తో లాగి బయటపడింది. కుడి అరచెయ్యి తోలు ఊడిపోయింది.

పంజగుట్టలో ఆస్పత్రికి అంబదాస్ బత్తాయిలు తీసుకుని వెళ్లాడు. కట్టు కట్టిన చేతిని దిండుమీద పెట్టుకుని నవీన నవ్వింది.

"పఫ్ కొట్టింది మీరేనా అంకుల్? మా రూం మస్తు చల్లగుంటుండె. మీ పనంత ఖరాబైంది కద, పాపం."

ఆ 'పాపం' అతను మోయలేకపోయాడు. పండ్లు బల్లమీద పెట్టి, దొంగలా బయటికి నడిచాడు.

వైరింగు చేసిన ఐలయ్యను సుకన్య పనిలోంచి తీసేసిందని మర్నాడు తెలిసింది. రెండు రోజులు అంబదాస్ అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. మూడోరోజు హాస్టల్‌కు వెళ్లాడు.

"ఐలయ్యనొక్కన్ని అనకుండ్రి మేడం. నిప్పు వైరుది కావచ్చు. గదంత కాలింది నా నురుగుతోని. నేను పొడి కలపలె."

"మరి లైటర్ పెట్టి చూపిస్తివి కద?"

"గా ముక్క వేరే."

సుకన్య లేచి గేటువైపు చెయ్యి చూపింది. "నా ఎదురుంగ నిలబడకు, పో అన్నా," అంది. తిట్టినా బాగుండేది. ఆ కోపంలో కూడా నోటికి అలవాటైన 'అన్నా' రావడం అతనికి చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

జరిగింది జరిగినట్టు అగ్నిమాపకశాఖ వాళ్లకు రాసిచ్చాడు. ఐలయ్యను సుకన్య తిరిగి పిలిపించింది. అంబదాస్‌ను పనికి పిలిచేవాళ్లు మాత్రం తగ్గిపోయారు. పొడి లేకుండా అతను కొట్టిన గదికప్పులు వేరే ఇళ్లమీద ఇంకా మూడున్నాయి. వాటినుంచి ముక్కలు కోసి, విజయేందర్ ముందే కాల్చి చూశాడు. మూడూ భగ్గుమన్నాయి. విజయేందర్ కొత్త పొడిసంచి తెచ్చి ముందు పెట్టాడు. అంబదాస్ అతని మొహం చూడలేకపోయాడు. రెండుచోట్ల పాత నురుగు గీకి, పొడి కలిపి మళ్లీ కొట్టి, బోర్డులు బిగించాడు. రోజుకు పదిసార్లు గన్ విప్పి కడుక్కున్నాడు. శ్రీనగర్ కాలనీ ఓనరు మాత్రం, "ఇన్నేండ్లకెల్లి ఏం కాలె, నీకేం ఫికర్?" అని గేటు వేసేశాడు. ఆ ఇంటిమీద అంబదాస్ తానే అగ్నిమాపకశాఖకు ఫిర్యాదు చేశాడు.

నవీనకు చెప్పడం ఒక్కటే మిగిలింది. కట్టు మార్పించుకోవడానికి ఆమె వచ్చే రోజు కనుక్కుని, ఆస్పత్రి వరండాలో ఎదురుచూశాడు. తలొంచుకుని అంతా చెప్పాడు. ఆమె మొహంలో వెనకటి నవ్వు లేదు.

"పెన్ను పట్టుకోవస్తలేదంకుల్. పరీక్ష పోయింది," అంది. అంతే.

మందులచీటీతో ఆమె తల్లి వచ్చింది. "ఎవరు బిడ్డా ఈయన?"

"హాస్టల్ల పనిజేసిండు," అంది నవీన, ఎటో చూస్తూ.

ఆ మాట చాటున తప్పించుకుపోవాలని అంబదాస్ కాళ్లు లాగాయి. ఒక అడుగు వేశాడు కూడా. మళ్లీ ఆగి, ఆ తల్లి వైపు తిరిగాడు.

"అక్కా, జర కూసోండ్రి. మీకొకటి చెప్పాలె," అన్నాడు.